వియ్యపు ముంత

ముంత ఇంకా మగవాళ్ళ చాపల దగ్గరే ఉంది. తొందరేం లేదు. లింగమ్మ గుండె మాత్రం అప్పుడే షామియానా దాటి, ఊరవతల విమానాల ప్రహరీ దాటి, పెద్దరోడ్డెక్కి షాద్‌నగర్ దాకా పోయి మళ్ళీ వచ్చి కూర్చుంది. ఎదురుగా అదే చాప మీద దుర్గవ్వ. పాల్మాకుల దుర్గవ్వ అంటే ఆషామాషీ మనిషి కాదు. ఎవరిదో పెండ్లిలో తన విస్తట్లో మూలుగున్న నల్లి బొక్క పడలేదని ఎంగిలి చెయ్యి కడుక్కోకుండానే లేచి నడిచిందనీ, ఆమె వెనక ఆమె చుట్టాలూ, వాళ్ళ వెనక వాళ్ళ చుట్టాలూ లేచిపోతే చివరికి పందిట్లో పెండ్లికొడుకూ, అయ్యగారూ, బ్యాండువాడూ మిగిలారనీ, ఆ పెండ్లికొడుకు ఇప్పటికీ నల్లి బొక్క కనబడితే చెప్పులు విడిచి దండం పెడతాడనీ మండలంలో ఎవర్ని అడిగినా చెబుతారు. అందులో సగం అబద్ధమనుకున్నా, మిగతా సగం చాలదూ ఎదుట కూర్చున్న మనిషికి చెమటలు పట్టడానికి? ఆ దుర్గవ్వ కొడుకు శేఖర్‌కే ఇవాళ లింగమ్మ బిడ్డ పూర్ణిమను ఖాయం చేసుకుంటున్నారు. పిల్లా పిల్లగాడూ ఇద్దరూ విమానాశ్రయంలోనే పని, ఆమె కౌంటరులో, అతను సామాన్లు ఎక్కించే దగ్గర. జనం పెట్టెలు ఈమె చేతి మీదుగా అతని చేతికి పోతూ పోతూ, ఎవరి చీటీ అంటించుకోకుండా వీళ్ళ మనసుల్ని కూడా మోసుకుపోయాయి. పూలూ పండ్లూ పెట్టడం అయింది. బట్టలు పెట్టడం అయింది. కానీ ఈ రెండిళ్ళలో తాతల నుంచి వస్తున్న పద్ధతి ఒకటుంది, అది కాకుండా ఏదీ అయినట్టు కాదు. పిల్ల తల్లీ పిల్లగాడి తల్లీ ఒకే చాప మీద ఎదురెదురుగా కూర్చుని ఒకే ముంతలో కల్లు చెరిసగం తాగాలి. పిల్ల తల్లి మొదట, పిల్లగాడి తల్లి తర్వాత. దాన్ని వియ్యపు ముంత అంటారు. ముంత ఖాళీ అయితే మాట ఖాయం. వద్దని పక్కకు నెడితే, నీతో ముంతే పంచుకోను, ఇల్లెట్లా పంచుకుంటాను అని మొహాన చెప్పినట్టు. లింగమ్మ చూస్తే పోయిన బోనాల నుంచి కల్లు ముట్టడం లేదు. ఇకమీదట ముట్టనని తనకు తానే మాట ఇచ్చుకుంది. ఎందుకు ముట్టదో ఈ షామియానా కింద ఇద్దరికే తెలుసు, ఒకరు పూర్ణిమ, ఇంకొకరు మొగుడు కుర్మయ్య. ఆ కుర్మయ్య మగవాళ్ళ చాప మీద కూర్చుని, తన వంతు ఎప్పుడో తాగేసి, భార్య వైపు చూడటానికి మొహం చెల్లక షామియానా గుంజకు కట్టిన తాడును పరీక్షగా చూస్తున్నాడు.

ఏం సాకు చెప్పాలి? రాళ్ళ బియ్యంలో రాళ్ళు ఏరినట్టు కొన్నాళ్ళుగా సాకులు ఏరుతూనే ఉంది, చేటలో ఒక్కటీ మిగల్లేదు. ఉపవాసమందామా, పెరట్లో యాటకూర కుతకుతమంటుంటే ఉపవాసమేమిటంటారు. మొక్కందామా, ఏ తల్లికి మొక్కావని దుర్గవ్వ అడుగుతుంది. మైసమ్మ, పోశమ్మ, ఎల్లమ్మ, ఈ చుట్టుపక్కల కల్లు వద్దనే తల్లి ఏదీ? వాళ్ళు తాగాకే కదా మనకు. పంటి నొప్పి అందామా, పంటినొప్పికి కల్లే మంచిదంటారు. కడుపునొప్పికి కూడా కల్లే మంచిదంటారు. ఈ ఊళ్ళో కల్లుతో నయం కాని నొప్పి ఒకటుందని ఇంతవరకూ ఎవరూ ఒప్పుకోలేదు. విమానాశ్రయం రోడ్డు పక్క పూలమడుల్లో తనతో కలిసి పనిచేసే యేసుమణికి ఈ తంటాలే లేవు, 'మా చర్చిల వద్దంటరక్కా' అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంది, ఎవరూ నొచ్చుకోరు. ఒక్క పూట కోసం యేసుమణి దేవుణ్ణి కిరాయికి ఇమ్మని అడగనా అని కూడా అనుకుంది లింగమ్మ, అనుకున్నాక లెంపలు వేసుకుంది. తాగినట్టు నటిస్తే? పెదవి తడిపి మూతి తుడుచుకుంటే? లాభం లేదు, దుర్గవ్వ ముంత వంక చూడదట, గొంతు వంక చూస్తుందట, గుటక దిగిందా లేదా అని. ఇదిగో ఇప్పుడు కూడా చూస్తూనే ఉంది, లింగమ్మ ఉత్త ఉమ్మి మింగితే ఆ కళ్ళు గొంతుతో పాటు కిందికి దిగాయి. ఇక మిగిలింది నిజం. నిజం అన్నిటికంటే ప్రమాదం. ఎందుకంటే నిజం ఒక గడ్డ, అదీ ఎడమ రొమ్ములో, చంక వైపు, రేగ్గాయంత.

పనికి పోయి వచ్చి స్నానం చేస్తుంటే సబ్బుకు తగిలింది. తగిలిన సబ్బు జారి మోరీలో పడింది, వెతకలేదు. రొమ్ములో గడ్డ అంటే ఆమెకు తెలిసిన గడ్డ ఒక్కటే, చిన్నమ్మ శివమ్మ గడ్డ. రాచపుండు అన్నారు దాన్ని. రాచ అంటే రాజు, పుండుకు రాజుగారి పేరెందుకు పెట్టారో గానీ, రాజు వచ్చి కూర్చున్నట్టే కూర్చుంది చిన్నమ్మ ఒంట్లో, ఇక లేవలేదు. చిన్నమ్మ ఎవరికీ చెప్పలేదు. ఎట్లా చెబుతుంది, ఆ చోటు పేరు నోటితో అనడానికే లేదాయె, పిల్లకు పాలిచ్చేటప్పుడు తప్ప ఆ చోటు లోకంలో ఉన్నట్టే కాదు. ఆకులు నూరి కట్టింది, పసుపు కట్టింది, చివరికి వాసన తెలియకుండా రవికెలో మరువం పెట్టుకు తిరిగింది. లింగమ్మ ఇప్పటికీ మరువం వాసన వస్తే రోడ్డు దాటి అవతలి పక్కన నడుస్తుంది. చిన్నమ్మ పోయాక ఆ ఇంటి పిల్లల్ని చేసుకుంటామని చాలా ఏండ్లు ఎవరూ రాలేదు. తల్లికి వచ్చింది బిడ్డకు రాదని ఏమిటి, అన్నారు. అందుకే లింగమ్మ సబ్బును పోగొట్టుకున్నట్టే మాటను కూడా మోరీలో వదిలేసి పైకి లేచింది. కానీ చెయ్యి ఊరుకుంటుందా, మాట్లాడుతూ మాట్లాడుతూ చంక కిందికి పోయేది, ఉందా అని చూసుకునేది, ఉందని తెలిశాక తిరిగి వచ్చేది. పూర్ణిమ కనిపెట్టింది. రోజూ వందల మందిని చూసి ఎవరు పెట్టెలో ఏం దాచారో మొహం చూసి చెప్పేలా తయారైంది ఆ పిల్ల. "ఏందమ్మా, గాడ ఏం దాచినవ్?" అంది. ఏం లేదు బిడ్డా అంటే, "చూపెట్టు, లేకుంటే బాపును పిలుస్త" అంది. అంతే, మర్నాడే రాజేంద్రనగర్ వైపు దవాఖానకు లాక్కుపోయింది.

డాక్టరమ్మ ప్రేమలత కోస్తా వైపు మనిషి, ప్రతి మాటకూ చివర 'అండీ' అని ఒక చిన్న పువ్వు తగిలించేది. సూది పెట్టి చూశారు, ముక్క తీసి చూశారు. క్యాన్సర్ కాదండీ అంది. ఆ మాట విన్నప్పుడు లింగమ్మ కుర్చీలోంచి ఒక బెత్తెడు పైకి లేచి కాసేపు అక్కడే ఉండి మళ్ళీ దిగిందని తర్వాత పూర్ణిమ అందరికీ చెప్పేది, ఎందుకు లేచిందో మాత్రం చెప్పకుండా. కానీ, అంది డాక్టరమ్మ. డాక్టర్లకు కానీ అనే మాట తర్వాతే అసలు వైద్యం మొదలవుతుంది. గడ్డ మామూలుదే కానీ అందులోని కణాలు కాస్త తొందరపడుతున్నాయట, చెడ్డవి కావట, తొందరపాటువట, అందుకని ఇలాంటి గడ్డ ఉన్నవాళ్ళు మిగతావాళ్ళకంటే కాస్త ఎక్కువ జాగ్రత్తగా ఉండాలట. అంతలో పూర్ణిమకు పని నుంచి ఫోనొస్తే బయటికి పోయింది. సరిగ్గా అక్కడ జరిగింది చిక్కు. "మీరు మందు తీసుకుంటారా అమ్మా?" అని అడిగింది డాక్టరమ్మ. తీసుకుంటానంది లింగమ్మ, బీపీ గోలీల సంగతి కదా అని. "ఎంత తీసుకుంటారు?" "పొద్దుగాల ఒకటి, రాత్రికొకటి." డాక్టరమ్మ కళ్ళద్దాలు తీసి చూసింది. "రోజూనా అండీ!" "రోజూ. ఒక్కపూట తప్పితే తల తిరుగుతది, పనికాడ నిలవడనియ్యదు." డాక్టరమ్మ మొహం చూస్తే జాలేసింది లింగమ్మకు, ఈమెకు కూడా బీపీ ఉందేమో అనుకుంది. "అలా కుదరదమ్మా, మందు పూర్తిగా మానేయాలి, అస్సలు ముట్టుకోకూడదు." "మానేస్తె ఏం గాదా?" "మొదట్లో ఇబ్బందిగానే ఉంటుందండీ. తట్టుకోవాలి." అబ్బ, ఎంత మంచి డాక్టరమ్మ, గోలీలు మింగమనేవాళ్ళే గానీ మానమనేవాళ్ళు ఎక్కడున్నారు అనుకుంది లింగమ్మ. ఆ సాయంత్రమే గోలీల అట్ట ఎత్తి అవతల పారేసింది, క్యాన్సర్ కాదన్న సంబరంతో కల్లు తెప్పించి మొగుడితో సమానంగా తాగింది.

కుర్మయ్య కూడా మెచ్చుకున్నాడు, చదువుకున్నోళ్ళు చదువుకున్నోళ్ళే అన్నాడు. అలా కొన్ని వారాలు గోలీ లేదు, కల్లుంది. ఒకనాడు కాగితప్పూల మడిలో కలుపు తీస్తూ తలెత్తి చూస్తే ఒక విమానం దిగాల్సిన చోట రెండు దిగుతున్నాయి. రెండోదానికి చోటు సరిపోదేమో అని జరగబోయి పూల మీదికి పడింది. యేసుమణి నీళ్ళు చల్లి, పూర్ణిమకు ఫోన్ చేసి, ఆటోలో వేసుకుని అదే దవాఖానకు తీసుకుపోయింది. బీపీ చూసిన నర్సు యంత్రం పాడైందని ఇంకో యంత్రం తెచ్చింది. "గోలీలు వేసుకోవడం లేదా?" అని డాక్టరమ్మ అడిగితే లింగమ్మకు ఒళ్ళు మండింది. "నువ్వే గద డాక్టరమ్మా మందు ముట్టొద్దన్నవ్!" "నేనన్నది తాగే మందమ్మా!" "గోలీ గూడ తాగేదే గద, నీళ్ళతోని!" కాసేపు ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక ప్రేమలత డాక్టరమ్మ బల్ల మీద తల పెట్టుకుని నవ్వింది, నర్సు గోడకు తిరిగి నవ్వింది, పూర్ణిమ తల పట్టుకుంది. లింగమ్మ మాత్రం నవ్వలేదు. "మరి కల్లును మందని ఎవలంటరు? మందంటే సీసాల అమ్మేది. కల్లు చెట్టు పాలు" అంది. అప్పుడు డాక్టరమ్మ నవ్వు ఆపి, కుర్చీ దగ్గరికి జరుపుకుని, అండీలన్నీ తీసి పక్కన పెట్టి చెప్పింది. "నీ ఒంటికి దాని పేరు తెలియదమ్మా. నోట్లో ఉన్నంతసేపే అది కల్లు, ఇది విస్కీ. లోపలికి పోయాక అంతా ఒకటే. తాగినవాళ్ళందరికీ క్యాన్సర్ రాదు, తాగనివాళ్ళకు రాదనీ లేదు. కానీ తాగేకొద్దీ ప్రమాదం పెరుగుతుంది, నీ గడ్డ వల్ల నువ్వు ఇప్పటికే ఒక మెట్టు పైన నిలబడి ఉన్నావు. కల్లు ఇంకో మెట్టు ఎక్కిస్తుంది. నీ వయసు తగ్గించడం నా చేతిలో లేదు, గడ్డ ఎందుకొచ్చిందో నా చేతిలో లేదు. ఇది మాత్రం నీ చేతిలో ఉంది."

నీ చేతిలో ఉంది. ఆ మాట పట్టుకునే బస్సెక్కింది లింగమ్మ, ఆ మాట పట్టుకునే దిగింది. ఎందుకంటే ఇంతవరకూ ఏదైనా ఆమె చేతిలో ఉందని ఎవరన్నారు? పెండ్లి ఆమె చేతిలో లేదు, తండ్రి చేసేశాడు. చేను ఆమె చేతిలో లేదు, విమానాలు దిగడానికి చోటు కావాలంటే పోయింది, తను పల్లీలు వేసిన చెలకలో ఇప్పుడు విమానాలు మేస్తున్నాయి. వానా లేదు, ధరా లేదు, మొగుడి తాగుడు అసలే లేదు. అలాంటిది రాచపుండు అనే రాజును ఇంటి గడప దగ్గర ఆపడంలో కొంత, కొంతే అనుకో, తన చేతిలో ఉందట. కొంతైనా ఏమిటి తక్కువ? ఇంటికి వచ్చి కుర్మయ్యకు చెబితే, "ఒక్క ముంతకు ఏమైతదే" అన్నాడు. అదే కదా తిరకాసు. ఈ ఊళ్ళో ఏ కల్లూ రోజూ తాగే కల్లు కాదు, ప్రతిదీ ఇయ్యాల ఒక్కరోజే. పురుడైతే ఇయ్యాల ఒక్కరోజే, దినాలైతే ఇయ్యాల ఒక్కరోజే, దసరాకు ఇయ్యాల ఒక్కరోజే, అల్లుడొచ్చాడని ఇయ్యాల ఒక్కరోజే, అల్లుడు పోయాడని ఇయ్యాల ఒక్కరోజే. ఎండలెక్కువని, వానలు పడ్డాయని, వానలు పడలేదని. ఇయ్యాల ఒక్కరోజే కాని రోజు కోసం పంచాంగమంతా వెతికినా దొరకదు. అందుకే లింగమ్మ ఆ ఒక్కరోజునే మానేసింది. దసరాకు తలనొప్పి అంది, పెద్ద బావ దినాలకు గొంతు పట్టిందంది, వంటల దగ్గర ఉండిపోయింది, నీళ్ళకు పోయినట్టు పోయి చీకటి పడ్డాక వచ్చింది. అలా దాటుకుంటూ దాటుకుంటూ వచ్చి వచ్చి, దాటడానికి దారే లేని ఈ చాప మీద కూర్చుంది.

ఇగో, మొగులయ్య ఇంకో లొట్టి దించాడు. కల్లు గీసే మొగులయ్యకు విమానాశ్రయం వచ్చాక తాటిచెట్లు తగ్గాయి గానీ కోతలు పెరిగాయి, ఉన్న ఒక్క ఎత్తైన తాడి మీద తను కల్లు గీస్తుంటే విమానం పక్కగా వచ్చి మెల్లగా ఆగిందనీ, నడిపే ఆయన కిటికీలోంచి చెయ్యి చాపితే ముంతెడు పోశాననీ, ఆ విమానం దుబాయికి పోవాల్సింది బీదర్‌లో దిగిందనీ చెబుతాడు. గుడ్డ పెట్టి వడపోస్తున్నాడు, తెల్లటి నురుగు గుడ్డ అంచున బుసబుసమంటోంది. వాసన వచ్చింది. లింగమ్మ ముక్కుపుటాలు ఆమెను అడక్కుండానే విచ్చుకున్నాయి. అబద్ధమెందుకు, ఆమెకు కల్లంటే ఇష్టం. నాట్లేసి నడుము విరిగిన సాయంత్రాలు గట్టు మీద ఆడవాళ్ళంతా వరసగా కూర్చుని తాటాకు రేకల్లో పోయించుకుని తాగినప్పుడు, కాళ్ళ బురద కాళ్ళకే ఎండుతుంటే, ఎవరి మొగుణ్ణి వాళ్ళు వెక్కిరించుకుంటూ నవ్విన నవ్వులు, ఆ నవ్వులు కూడా లొట్టిలోంచే పోసేవాళ్ళేమో అన్నట్టుండేవి. కల్లు వదిలినప్పుడు నాలుక బాధపడలేదు, తనే ఆ వరస నుంచి లేచిపోయినట్టు బాధపడింది. ఇప్పుడు ఒక్క సగం ముంత. మెట్టులో ఎన్నో వంతు అవుతుంది సగం ముంత? డాక్టరమ్మ కూడా ఒక్క గుటకతో చస్తావని అనలేదు. తాగేసి, మూతి తుడుచుకుని, పిల్ల పెండ్లి చేసి, రేపటి నుంచి మళ్ళీ మానేస్తే... రేపా? రేపు పెండ్లికూతుర్ని చేసే కల్లు, ఎల్లుండి పెండ్లి కల్లు, ఆ తర్వాత వడిబియ్యం కల్లు, కడుపు పండితే ఆ కల్లు, పురుటి కల్లు. ఈ ఒక్క ముంత వెనక ముంతలన్నీ పాల్మాకుల దాకా వరస కట్టి నిలబడి కనిపించాయి, ముందున్నది లోపలికి పోతే మేమూ వస్తామని. తల తిప్పి చూస్తే గుమ్మం దగ్గర పూర్ణిమ. పసుపు చీరలో, నెత్తి నిండా పూలతో, ఎంత బాగుంది నా తల్లి. ఆ పిల్ల పొద్దున చీర కట్టుకుంటూ కట్టుకుంటూ అద్దంలోంచే అంది, "నా పెండ్లి కోసం నువ్వు తాగినవనుకో, గా పెండ్లి నాకొద్దు" అని. అంది గానీ, ఆ మాట అంటూ పెట్టిన పిన్నీసునే మూడుసార్లు తీసి మళ్ళీ పెట్టుకుంది. లింగమ్మ చూసింది. పిల్లకు శేఖరంటే ప్రాణం. తాగితే మాట తప్పినట్టు, తాగకపోతే దుర్గవ్వ లేచిపోతుంది, నిజం చెబితే ఆ ఇంటి పిల్ల మాకొద్దంటారు. మూడు దిక్కులా మూసేశారు, నాలుగో దిక్కున ముంత వస్తోంది.

వచ్చేసింది. దుర్గవ్వ అన్న బిక్షం, ఈ తంతుకు పెద్దమనిషి, రెండు చేతులా పట్టుకుని తెచ్చి లింగమ్మ చేతుల్లో పెట్టాడు. "లింగమ్మ చెల్లే, ఇగ ఖాయం చెయ్యి. జర నిండుగ తాగు, మా చెల్లెకు సగం కంటె ఎక్కువ మిగిలిస్తె ఊకోదు" అన్నాడు. అందరూ నవ్వారు, దుర్గవ్వ నవ్వలేదు, గొంతు వంక చూస్తోంది. ముంత చల్లగా, బరువుగా, నురుగు అంచు దాటడానికి సిద్ధంగా ఉంది. లింగమ్మ నోరు తెరిచింది. "అక్కా, నేను తాగ" అంది. ఎంత కష్టపడి అందో ఆ దేవుడికే తెలియాలి. ఆ దేవుడికి కూడా వినబడి ఉండదు, ఎందుకంటే సరిగ్గా అప్పుడే నెత్తి మీదికి విమానం వచ్చింది. ఈ ఊళ్ళో విమానం వస్తే ఎక్కడి మాట అక్కడ ఆపి, నోరు అలాగే తెరిచి పెట్టుకుని, అది పోయాక ఆపిన అక్షరం నుంచి మొదలుపెట్టడం అందరికీ అలవాటే. కానీ లింగమ్మ ఆగలేకపోయింది, ఆగితే మళ్ళీ నోరు పెగలదని భయం. దుర్గవ్వ చెవి దగ్గర చెయ్యి పెట్టి ఏందీ అన్నట్టు మొహం ఎత్తింది. లింగమ్మ ఇంకాస్త గట్టిగా అంది. విమానం ఇంకాస్త గట్టిగా అంది. లింగమ్మ మోకాళ్ళ మీద లేచి, పొట్టలో ఉన్న గాలి అంతా కూడదీసుకుని, చిన్నమ్మ శివమ్మ అనలేక రవికెలో మరువం చాటున దాచిన మాట కూడా కలిపి అరిచింది, సరిగ్గా ఆ అరుపు మొదలయ్యే క్షణానికి విమానం టక్కున ప్రహరీ అవతలికి దిగి చప్పుడు ఆపేసింది.

"నా రొమ్ముల గడ్డ ఉన్నది! కల్లు తాగితే రాచపుండు ఖత్రా పెరుగుతదన్నరు! నేను తాగ! ఇయ్యాల తాగ, ఇంకెన్నడు తాగ!"

ఆ మాట షామియానా గుడ్డకు కొట్టుకుని, పెరట్లోకి పోయి, యాటకూర కలుపుతున్నవాడి గరిటె పట్టుకుని ఆపింది. మొగులయ్య వడపోస్తున్న గుడ్డ వదిలేశాడు. బిక్షం ఆ మూల నుంచి ఈ మూలకు ఆకాశంలో ఇంకో విమానం వస్తే బాగుండు అన్నట్టు చూశాడు. రొమ్ము అనే మాట మగవాళ్ళ చాప మీద ఇంతకుముందు ఎన్నడూ పడలేదు, అది ఇప్పుడు వాళ్ళ మధ్య కూర్చుని అందరి మొహాలూ చూస్తోంది. లింగమ్మకు మాత్రం చిత్రంగా ఉంది. ఇన్నాళ్ళు ఏ మాట బయటపడితే కొంప మునుగుతుందని వణికిందో ఆ మాట బయటపడింది, కొంప అలాగే ఉంది, పెంకులన్నీ ఉన్నాయి, కోడి ఒకటి చాప పక్క నుంచి గింజలు ఏరుకుంటూ పోతోంది. ఇక భయపడటానికి ఏమీ మిగల్లేదు. ఒళ్ళు ఇంత తేలిగ్గా ఉంటుందా? తన గొంతు కూడా తనకు నచ్చింది, ఇంత గొంతు ఉన్నట్టు ఎవరూ చెప్పలేదే. "గట్లయితే మరి ముంత..." అని నసిగాడు బిక్షం, "ముంత ముట్టకుంటే ఖాయమెట్లయితది చెల్లే?" లింగమ్మ ముంత దించలేదు. "ముట్టనని ఎవలన్నరన్నా, తాగనన్న. తాగే ముందుగాల మైసమ్మ తల్లికి నేల మీద సాక పొయ్యాలె గద? ఎంత పొయ్యాలె?" అని అడిగింది. "చుక్కెడు." "చుక్కెడే పొయ్యాలెనని తల్లి చెప్పిందా?" బిక్షం తల గోక్కున్నాడు. "తల్లెందుకు చెప్తది? ఆమె ఇష్టం." "ఇయ్యాల తల్లికి దూప బాగున్నదన్నా, గొంతెండుకపోయింది" అంది లింగమ్మ, చాప పక్కన మట్టి మీద, తొందరపడకుండా, అందరూ చూస్తుండగా, తన సగం మొత్తం సాక పోసేసింది. మట్టి నురుగు మింగి త్రేన్చింది. సరిగ్గా సగం దగ్గర ఆపి, మూతి తుడవనవసరం లేని మొహంతో, మిగతా సగం దుర్గవ్వ ముందు పెట్టింది. "నా వంతు తల్లి తాగింది. నీ వంతు నువ్వు తాగక్కా. లేచి పోతనంటె పో. పిల్లను మాత్రం నీ కొడుకు తప్ప వేరేటోడు చేసుకోడు, గది నువ్వూ ఆపలేవు నేనూ ఆపలేను."

దుర్గవ్వ లేవలేదు. ముంత అందుకుంది గానీ నోటి దగ్గరికి తీసుకుపోలేదు. నల్లి బొక్కకు పెండ్లి ఖాళీ చేసిన మనిషి, గొంతుల గుటకలు లెక్కపెట్టే మనిషి, మొదటిసారి చూపు గొంతు మీద నుంచి దించి లింగమ్మ రవికె మీదికి, అక్కడి నుంచి తన చేతుల్లోకి తెచ్చుకుంది. "ఎంతున్నది?" అంది, ఎవరికీ వినబడకుండా. "రేగ్గాయంత." "నొస్తదా?" "నొయ్యదక్కా. నొయ్యకున్నా చూపెట్టుకోవాలెనంట." "మరి రాచపుండు కాదన్నరా?" "కాదన్నరు. చూస్తేనే గద కాదని తెలిసింది. చూడకుంటే నేను గూడ చిన్నమ్మ లెక్క మరువం పెట్టుకుంటుంటి." దుర్గవ్వ ఎడమ చేత్తో ముంత పట్టుకుని కుడి చెయ్యిని చూసుకోకుండానే చెంగు చాటున చంక కిందికి పోనిచ్చింది, అక్కడ ఒక క్షణం ఆపింది, ఏదో ఉందా లేదా అని తడుముకున్నట్టు, ఉందని తెలిసి వెనక్కి తీసుకుంది. లింగమ్మకు ఆ చెయ్యి తెలుసు. ఆ దారి తెలుసు. షామియానా కింద ఇంకెవరూ చూడలేదు, చూసినా వాళ్ళకు ఆ చెయ్యి చెమట తుడుచుకుంటున్నట్టే ఉంటుంది.

"తల్లికి ఒక్క వంతుతోని దూప తీరుతదా" అంది దుర్గవ్వ పైకి, అందరికీ వినబడేలా, ఆ గొంతుకు ఎదురు చెప్పే దమ్ము పాల్మాకులలో ఇంకా పుట్టలేదు. అని, ముంత వంచి, తన సగం కూడా అదే మట్టి మీద పోసేసింది. బోర్లించి ఒక్క చుక్క కూడా లేదని బిక్షానికి చూపించింది. బిక్షం ముంత వంకా, మట్టి వంకా, చెల్లెలి వంకా చూసి, ఇందులో తప్పెక్కడుందో వెతికి దొరక్క, "ముంత ఖాళీ అయింది. ఖాయం" అన్నాడు. బ్యాండు మోగింది. కుర్మయ్య గుంజను వదిలేసి వచ్చి లింగమ్మ వెనక నిలబడి, 'మా ఇంటిది అరిస్తే విమానమే నోరు మూసుకున్నది సూసిన్రా' అని అప్పుడే కనబడినవాడికల్లా చెప్పడం మొదలుపెట్టాడు, సాయంత్రానికి అది విమానం వెనక్కి తిరిగి పోయేదాకా పెరుగుతుంది. పూర్ణిమ గుమ్మం దిగి పరిగెత్తుకొస్తోంది, నెత్తిలో పూలు దారి పొడవునా రాలుస్తూ. లింగమ్మ చెయ్యి చాపి దుర్గవ్వ మణికట్టు పట్టుకుంది, చెంగు చాటుకు పోయి వచ్చిన ఆ కుడి చేతినే.

"వదినే, సోమారం నేను దవాఖానకు పోతున్న. నువ్వు గూడ వస్తున్నవ్."

"నాకేమైంది?" కసిరింది దుర్గవ్వ.

"నీకేం కాలే. నాకు బస్సుల తోడు లేదు."

దుర్గవ్వ చెయ్యి విడిపించుకోలేదు. ఖాళీ ముంతను అటూ ఇటూ తిప్పి చూసింది, పిల్లగాడి తల్లి కదా, అంత సులువుగా ఒప్పుకుంటే మర్యాద దక్కదు. చివరికి గడ్డం ఎత్తి అంది, "కిటికీ దిక్కు నేను కూసుంట."

"పొయ్యేటప్పుడు నువ్వు కూసో వదినే" అంది లింగమ్మ, "వచ్చేటప్పుడు నేను కూసుంట."